పిలాటీస్ నేర్పుతూ స్టూడియో నిలబెట్టుకున్న తీరు

ఊపిరితో జతపరిచి ఒంటిని అదుపుగా కదిలించే వ్యాయామ పద్ధతి పిలాటీస్. దాని టీచర్ కావాలనుకున్నప్పుడు నా ముందు రెండు దారులు ఉన్నాయి. శని, ఆదివారాల్లో ముగిసిపోయే చిన్న మ్యాట్ కోర్సు (నేల మీద పరిచిన చాప మీద చేసే వ్యాయామాలు) చేసి వెంటనే క్లాసులు మొదలుపెట్టొచ్చు. లేదంటే మ్యాట్‌తో పాటు రిఫార్మర్ (స్ప్రింగులు తగిలించి పట్టాల మీద జరిగే క్యారేజీ అనే పలక ఉన్న మంచం), క్యాడిలాక్ (పైన ఎత్తైన చట్రం, స్ప్రింగులు ఉన్న బల్ల), చెయిర్, బ్యారెల్స్ అనే పరికరాలన్నీ నేర్పే పూర్తి కోర్సులో చేరొచ్చు. పూర్తి కోర్సు అంటే సాధారణంగా 450 గంటలు, ఆ పైన. అందులో కూర్చుని పాఠం వినేది తక్కువే. సొంత సాధన, అనుభవమున్న టీచర్ల క్లాసులు గమనించడం, వాళ్ల కళ్లెదుట ఎవరికైనా నేర్పి చూపించడం, ఎక్కువ గంటలు వీటికే పోతాయి. నేను రెండో దారి పట్టాను. ఖర్చు ఎక్కువ, సంపాదన ఆలస్యం. అయినా ఈ వృత్తిలోకి వస్తామని ఎవరు అడిగినా ఇప్పటికీ అదే చెబుతున్నాను. కారణం ఆ గమనించే గంటలే.

ఒక సీనియర్ టీచర్ స్టూడియోలో మూలన స్టూలు వేసుకుని కూర్చునేదాన్ని. మాట్లాడకూడదు, నోట్సు రాసుకోవచ్చు. మొదట్లో నా నోట్సు నిండా వ్యాయామాల పేర్లు, ఎన్ని స్ప్రింగులు పెట్టారన్న లెక్కలు ఉండేవి. కొన్నాళ్లకు రాసేది మారింది. ఆవిడ చూపు క్లయింట్ రిఫార్మర్ ఎక్కకముందే పని మొదలుపెడుతోందని అర్థమైంది. బ్యాగు ఏ భుజానికి వేసుకొచ్చారు, చెప్పులు విప్పేటప్పుడు ఏ కాలి మీద నిలబడ్డారు, గోడ పట్టుకున్నారా లేదా, ఇవన్నీ చూసేవారు. ఒకరోజు ఒకాయన వచ్చి ఎప్పటిలా పడుకోబోతుంటే, "ఇవాళ కూర్చుని మొదలుపెడదామండీ" అన్నారు. ఆయన ఆగిపోయి, "నిన్నటి నుంచి నడుము పట్టేసింది. మీకెలా తెలిసింది?" అన్నారు. లోపలికొచ్చి తలుపు వేసేటప్పుడు ఆయన నడుము తిప్పలేదు, పాదాలతో సహా మనిషి మొత్తం తిరిగారు. ఆవిడ అది గమనించారు. ఆ మనిషి అప్పటికే చాలా ఏళ్లుగా అక్కడికి వస్తున్నారు. ఎందుకు మానలేదో నాకు ఆ పూట తెలిసింది.

ఈ రంగంలో పేరును బట్టి ఏదీ తెలియదు. పిలాటీస్ అనే మాట మీద ట్రేడ్‌మార్క్ చెల్లదని 2000లో న్యూయార్క్‌లోని ఫెడరల్ కోర్టు తేల్చింది. యోగా, కరాటే ఎలాగో ఇదీ ఒక వ్యాయామ పద్ధతి పేరేనని, ఎవరైనా వాడుకోవచ్చని తీర్పు. ఈ పద్ధతిని రూపొందించిన జోసెఫ్ పిలాటీస్ కూడా తన వెనక పకడ్బందీ సర్టిఫికెట్ వ్యవస్థనేమీ మిగల్చలేదు. జర్మనీలో 1883లో పుట్టి, 1926లో న్యూయార్క్ చేరి, జీవిత భాగస్వామి క్లారాతో కలిసి ఎయిత్ ఎవెన్యూలో స్టూడియో నడిపి, 1967లో కన్నుమూశారు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు ఎవరికి వారు తమ పద్ధతిలో నేర్పుతూ వచ్చారు. అందుకే ఈనాడు ఒకే బోర్డు కింద లోతుగా చదువుకున్నవాళ్లూ ఉంటారు, రెండు రోజుల కోర్సు చేసినవాళ్లూ ఉంటారు. కొత్తగా వచ్చే మనిషికి ఆ తేడా బయటి నుంచి కనబడదు. క్లాసులో ఏం జరుగుతుందన్నదే వాళ్లకు తెలిసే దారి. నా వ్యాపారమంతా ఈ ఒక్క విషయం చుట్టూనే కట్టుకున్నాను.

మొదట సొంత స్టూడియో లేదు. వేరేవాళ్ల హాళ్లలో మ్యాట్ క్లాసులు చెప్పేదాన్ని. మ్యాట్ అంటే సులువని బయటివాళ్లు అనుకుంటారు. నేర్పేవాళ్లకు అదే కష్టం. రిఫార్మర్ మీద స్ప్రింగు మనిషిని కొంత మోస్తుంది, క్యారేజీ దారి చూపిస్తుంది. మ్యాట్ మీద అలాంటి ఆసరా ఏదీ లేదు. పైగా ఒకే గదిలో నిత్యం పరిగెత్తేవాళ్లు, కాన్పు తర్వాత మళ్లీ మొదలుపెట్టినవాళ్లు, రోజంతా కుర్చీలో ఉండి మెడ బిగుసుకుపోయినవాళ్లు కలిసి ఉంటారు. జోసెఫ్ పిలాటీస్ 1945లో అచ్చు వేయించిన వరుసలో 34 మ్యాట్ వ్యాయామాలున్నాయి. అందులో మొదటిదే హండ్రెడ్. వెల్లకిలా పడుకుని, తల, భుజాలు లేపి, కాళ్లు చాపి, చేతులు ఊపుతూ 5 లెక్కలు ఊపిరి తీసుకుని 5 లెక్కలు వదలాలి. అలా 10 సార్లు. గదిలో సగం మందికి ఇది మొదటి వ్యాయామంగా పనికిరాదు, మెడ మీదే భారం పడుతుంది.

ఇక్కడ నేను పెట్టుకున్న పద్ధతి ఇప్పటికీ మార్చలేదు. ముందు అందరికీ తేలికైన రూపం చెబుతాను: తల నేల మీదే, మోకాళ్లు మడిచి, ఊపిరి, చేతుల కదలిక మాత్రమే. రెండు మూడు ఊపిర్ల తర్వాత, "ఇక్కడ హాయిగా ఉన్నవాళ్లు తల లేపండి" అంటాను. తర్వాత కాళ్లు. కష్టమైన రూపం ముందు చెప్పి, "చేతకానివాళ్లు మోకాళ్లు మడుచుకోండి" అంటే మోకాళ్లు మడవాల్సినవాళ్లెవరూ మడవరు. చిన్నబోతామని నొప్పి ఓర్చుకుంటారు, వచ్చే వారం రారు. అదే వ్యాయామం, అవే మూడు రూపాలు. చెప్పే వరుస మారితే మెడనొప్పితో ఇంటికి వెళ్లేవాళ్లు ఉండరు.

చెప్పే మాట గురించి ఎంత చెప్పినా నాకు తక్కువే. క్లాసుల్లో తరచు వినిపించేది "బొడ్డును వెన్నెముక వైపు లాగండి" అన్నది. వినగానే చాలామంది ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి పీల్చి, నడుమును నేలకేసి అదుముతారు. మనకు కావలసింది అది కాదు. పొట్ట లోతున నడికట్టులా చుట్టుకుని ట్రాన్స్‌వర్సస్ అనే కండరం ఉంటుంది. గట్టిగా ఊపిరి వదిలినప్పుడు అది పనిలోకి దిగుతుంది. అందుకని నేను కండరం ఊసే ఎత్తను. "నెమ్మదిగా ఊపిరి వదలండి. అయిపోయిందనుకున్నాక ఇంకొంచెం వదలండి" అంటాను. ఆ చివరి కొంచెంలో నడుము కిందిభాగం చుట్టూ బిగువు దానంతటదే వస్తుంది. వాళ్ల చెయ్యే అక్కడ పెట్టించి, "ఇదిగో, ఇదే" అంటాను. ఒకసారి చేతికి తెలిశాక మళ్లీ చెప్పాల్సిన పని ఉండదు.

ఇంకొకటి, ఒక్క వ్యాయామంలో ఒక్క దిద్దుబాటే. పక్కటెముకలు లేచాయి, భుజం ముందుకొచ్చింది, మడమ వంకర పోయింది, మూడూ కనిపిస్తుంటాయి. మూడూ చెబితే మనిషి బిగుసుకుపోతాడు. వాటిలో ఏది సరైతే మిగతా రెండూ సర్దుకుంటాయో వెతికి అదొక్కటే చెబుతాను. మిగతా సమయం మౌనంగా ఉంటాను. క్లాసంతా ఆగకుండా మాట్లాడకపోతే డబ్బుకు తగ్గ పని చేయనట్టు అనిపిస్తుందని కొత్త టీచర్లు అంటుంటారు. క్లయింట్‌కు తన శరీరం ఏం చెబుతోందో వినడానికి కూడా చోటివ్వాలి కదా.

తాకి దిద్దడం విషయానికొస్తే, మొదటి రోజే అడుగుతాను. ఫారంలో దానికి ఒక గడి ఉంది. అక్కడ సరే అని టిక్కు పెట్టినా, ఆ రోజు చెయ్యి వేయబోయే ముందు మళ్లీ అడుగుతాను: "భుజం వెనక చెయ్యి పెడుతున్నాను, పర్వాలేదా?" వద్దన్నవాళ్లకు మెత్తటి బంతో, స్ట్రాపో, వాళ్ల సొంత చెయ్యో సరిపోతుంది. వాళ్లకు నేర్పడం వల్ల మాటతో దిద్దడం నాకు ఇంకా బాగా పట్టుబడింది.

ఆ ఫారం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా స్టూడియోకు పునాది అదే. పాత దెబ్బలు, ఆపరేషన్లు, బీపీ, గర్భం, కాన్పులు, ఎముకల సాంద్రత పరీక్ష, గ్లాకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు), వాడుతున్న మందులు అన్నీ అడుగుతాను. వట్టి లాంఛనంగా కాదు, ప్రతి జవాబూ ఏదో ఒక వ్యాయామాన్ని మారుస్తుంది. గ్లాకోమా ఉంటే తల గుండె కంటే కిందికి వెళ్లే వ్యాయామాలు ఉండవు. గర్భిణికి మొదటి మూడు నెలలు దాటాక ఎక్కువసేపు వెల్లకిలా పడుకోబెట్టను. పక్కకు తిరిగి, కూర్చుని, మోకాళ్ల మీద చేసేవి బోలెడున్నాయి. కాన్పు తర్వాత వచ్చినవాళ్ల పొట్ట మధ్య గీత వెంట కండరాల మధ్య ఎడం ఎంతుందో, లేచేటప్పుడు అక్కడ ఉబ్బుతోందో లేదో చూడకుండా తల లేపించను.

అన్నిటికంటే ఎముకలు గుల్లబారినవాళ్ల విషయంలో నేను ఖచ్చితంగా ఉంటాను. 1984లో అమెరికాలోని మేయో క్లినిక్ ఆసుపత్రికి చెందిన సినాకీ, మికెల్సన్ అనే పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. మెనోపాజ్ తర్వాత ఎముకలు గుల్లబారిన 59 మంది మహిళలను గమనించారు. వెన్నును ముందుకు వంచే వ్యాయామాలు చేసినవాళ్లలో 89 శాతం మందికి వెన్నుపూసలు కొత్తగా నొక్కుకుపోవడమో విరగడమో కనిపించింది. వెన్నును వెనక్కి చాపే వ్యాయామాలు చేసినవాళ్లలో అది 16 శాతం. చిన్న అధ్యయనమే, అయినా దాన్ని పట్టించుకోకుండా ఉండలేం. ఎందుకంటే ఆ 34 మ్యాట్ వ్యాయామాల్లో ముందుకు వంగేవే ఎక్కువ. రోల్ అప్, రోలింగ్ లైక్ ఎ బాల్, స్పైన్ స్ట్రెచ్ ఇవన్నీ అందులోవే. పాఠ్యక్రమం ప్రకారం వరుసగా చేయించుకుంటూ పోతే, సాయం కోసం వచ్చిన మనిషికి మన చేతుల మీదుగా హాని జరిగే ప్రమాదం ఉంది.

నా దగ్గరికి అరవై దాటిన ఒకావిడ వచ్చారు. ఎముకలు బలపడాలంటే పిలాటీస్ చేయమని ఎవరో చెప్పారట. "అందరూ చేసేవే నాకూ చేయించమ్మా, ముసలిదాన్నని తగ్గించకు" అన్నారు. తగ్గించలేదు, మార్చాను. రిఫార్మర్ మీద ఫుట్‌వర్క్ (పాదాలతో ఫుట్‌బార్‌ను నెట్టి క్యారేజీని జరపడం), బోర్లా పడుకుని వెన్ను లేపడం, నిలబడి కాళ్లకు బరువు పడేవి, తూలకుండా నిలబడటం, తుంటి దగ్గర వంగి నేల మీది వస్తువు తీయడం, ఇవీ ఆవిడ పాఠాలు. ఎందుకు మార్చానో ఆవిడకూ చెప్పాను. తెలిసి చేసినవాళ్లు బయట కూడా జాగ్రత్త పడతారు. ఆవిడ తర్వాత తన చెల్లెల్ని, చెల్లెలి స్నేహితురాళ్లను పంపించారు. నా పొద్దుటి క్లాసుల్లో సగం అలా నిండినవే.

నేను రోగం పేరు పెట్టను. అది డాక్టరు, ఫిజియోథెరపిస్టు పని. చేతికి తిమ్మిరి, కాలిలోకి దిగే నొప్పి, రాత్రి నిద్ర లేపే నొప్పి అని ఎవరైనా అంటే ముందు పరీక్ష చేయించుకు రమ్మంటాను, ఆ రోజు ఫీజు తీసుకోను. ఫిజియోథెరపీ నడుస్తున్నవాళ్లయితే, వాళ్ల అనుమతి తీసుకుని ఆ ఫిజియోథెరపిస్టుకు అరపేజీ రాస్తాను: ఏ కదలికలు చేయించాను, ఎక్కడ నొప్పి వచ్చింది, ఎక్కడ రాలేదు. ప్రచారం ఉద్దేశంతో మొదలుపెట్టిన పని కాదు, కానీ నా స్టూడియోకు అంత మందిని తెచ్చింది మరొకటి లేదు. చికిత్స ముగిశాక పేషెంటును ఎవరి దగ్గరకు పంపాలన్నది ఫిజియోథెరపిస్టులకు పెద్ద చిక్కు. అరపేజీ చదివినవాళ్లకు నేనేం చేస్తానో, ఏం చేయనో ముందే తెలుసు. జోసెఫ్ పిలాటీస్ స్టూడియోకూ జార్జ్ బాలంచిన్, మార్తా గ్రాహం లాంటి పేరున్న నృత్య దర్శకులు తమ డాన్సర్లను పంపేవారు. దెబ్బ తగిలిన డాన్సరు తిరిగి వేదిక ఎక్కితే అంతకు మించిన ప్రకటన ఏముంటుంది?

రిఫార్మర్ కొనే రోజు వచ్చింది. క్యాడిలాక్ మీద మనసుంది గాని, గది ఎత్తు, చుట్టూ తిరగడానికి చోటు, రెండూ చూసుకుని రిఫార్మర్‌కే టవర్ అనే నిలువు చట్రం బిగించినది తీసుకున్నాను. వాడినది కొన్నా తప్పులేదని నా అభిప్రాయం. చట్రం చాలా ఏళ్లు నిలుస్తుంది. చూడాల్సింది చక్రాలు, పట్టాలు, తాళ్లు, ముఖ్యంగా స్ప్రింగులు. చుట్ల మధ్య ఎడం కనబడినా, ఎక్కడైనా వంకర పోయినా ఆ స్ప్రింగు పక్కన పెట్టాల్సిందే. చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమంటాయి. రోజంతా క్లాసులు నడిచే చోట అంతకంటే ముందే మార్చాలి. నెల మొదటి రోజున స్ప్రింగులూ కొక్కేలూ చూసి తేదీ వేసి రాసుకుంటాను. తెగిన స్ప్రింగు ఎంత వేగంగా వస్తుందో తెలిసినవాళ్లెవరూ ఈ ఖర్చు దగ్గర వెనకాడరు.

స్ప్రింగుల గురించి కొత్త క్లయింట్లకు నచ్చజెప్పాల్సింది ఒకటుంది. జిమ్‌లో బరువులెత్తే కుర్రాడొకడు వచ్చి, "అన్ని స్ప్రింగులూ పెట్టండి" అన్నాడు. పెట్టి ఫుట్‌వర్క్ చేయించాను, తేలిగ్గా చేశాడు. తర్వాత ఒకే ఒక్క తేలిక స్ప్రింగు ఉంచి, క్యారేజీ మీద మోకాళ్లు, ఫుట్‌బార్ మీద చేతులు పెట్టించి, "ఇప్పుడు క్యారేజీని చప్పుడు కాకుండా లోపలికి తీసుకురా" అన్నాను. భుజాలు వణికాయి. స్ప్రింగు తగ్గితే క్యారేజీని తిరిగి తెచ్చే సాయం తగ్గుతుంది, ఆ పని నడుమూ పొట్టా చేయాలి. కొన్ని వ్యాయామాల్లో ఎక్కువ స్ప్రింగు బరువు, కొన్నింట్లో ఎక్కువ స్ప్రింగు ఆసరా. ఆ కుర్రాడు ఇప్పుడు తన స్ప్రింగులు తనే తగ్గించుకుంటాడు.

ఇక డబ్బు. స్టూడియోల్లో పనిచేసే టీచర్లకు మూడు రకాల ఒప్పందాలు ఉంటాయి: గంటకు ఇంత, ఫీజులో శాతం, లేదా చోటుకు మనమే అద్దె కట్టి ఫీజంతా మనమే తీసుకోవడం. కొత్తలో మొదటిదే మేలని నేననుకుంటాను. గది ఖాళీగా ఉన్న గంటల భారం మన మీద పడదు. క్లయింట్లు నిలకడగా వస్తున్నప్పుడు అద్దె పద్ధతికి మారాలి. నేను ఆ వరుసలోనే వెళ్లాను. ఒక చోట శాతం మీద పనిచేశాను. రద్దయిన క్లాసులకు క్లయింట్ దగ్గర ఫీజు తీసుకుని నాకు వాటా ఇచ్చేవారు కాదు. ఒప్పందంలో ఆ మాట లేదు మరి. అప్పటి నుంచి ఎవరితో పనిచేసినా, ఎవరిని పనిలో పెట్టుకున్నా, రద్దయిన క్లాసు సంగతి మొదటి పేజీలోనే రాసి ఉండాలంటాను.

ఫీజు ఎంత పెట్టాలన్నది పక్క స్టూడియో బోర్డు చూసి తేల్చే విషయం కాదు. వారానికి ఎన్ని గంటలు బాగా నేర్పగలనో మొదట చూసుకున్నాను. అన్ని గంటలూ నిండవు. సెలవులు, రద్దులు, నాకు వచ్చే జ్వరాలు పోగా మూడింట రెండు వంతులే నిండుతాయని లెక్క వేశాను. అద్దె, ఇన్సూరెన్సు, స్ప్రింగులు, ఏటా చేసే కోర్సులు, నా జీతం, అన్నీ ఆ గంటల మీద పంచాను. వచ్చిన అంకె నేననుకున్న దానికంటే ఎక్కువగానే ఉంది, దాన్నే ఫీజుగా పెట్టాను. క్లాసు గంటే అయినా, దాని వెనక నోట్సు చదవడం, రాయడం, పరికరం తుడవడం, ఫోన్లకు జవాబివ్వడం ఉంటాయి. "మీ ఫీజెంత?" అని అడిగితే అంకె చెప్పి ఆగిపోతాను. సంజాయిషీ ఇవ్వను, అడగకుండా తగ్గింపు ఇవ్వను. ఇవ్వలేనివాళ్లకు గ్రూపు క్లాసు ఉంది, అది కూడా మనసు పెట్టే నేర్పుతాను.

పది క్లాసుల ప్యాకేజీ, మూడు నెలల గడువు. పెద్ద ప్యాకేజీలు అమ్మితే ఒక్కసారిగా చేతినిండా డబ్బు కనిపిస్తుంది, అయితే అది ఇంకా మనది కాదు, నేర్పాల్సిన బాకీ. ముందుగా వచ్చిన డబ్బు వేరే ఖాతాలో ఉంచి, క్లాసు ముగిసిన కొద్దీ ఇవతలికి తీసుకుంటాను. ఎప్పుడైనా స్టూడియో కొన్నాళ్లు మూసేయాల్సి వస్తే అందరికీ తిరిగి ఇవ్వగలను. ఆ ధైర్యం లేకుండా నాకు నిద్ర పట్టదు.

రద్దుకు 24 గంటల ముందు చెప్పాలి. మొదటి రోజే నోటితో చెబుతాను, కాగితం మీద సంతకం తీసుకుంటాను. చాలా ఏళ్లుగా వస్తున్న ఒకావిడ క్లాసుకు గంట ముందు ఫోన్ చేసి, "మీటింగు పడింది, ఈ క్లాసు వచ్చే వారానికి జరపరూ" అన్నారు. "జరపలేనండీ. ఈ గంట కోసం ఇద్దరు వెయిటింగులో ఉన్నారు, నిన్న చెప్పి ఉంటే వాళ్లకు ఇచ్చేదాన్ని" అన్నాను. కాసేపు ఆగి, "నిజమే, లెక్క వేసుకోండి" అన్నారు. ఇప్పటికీ వస్తున్నారు. ఒంట్లో బాగాలేనివాళ్ల దగ్గర, ఇంట్లో ఆపద వచ్చినవాళ్ల దగ్గర తీసుకోను. జబ్బుతో ఈడ్చుకుంటూ క్లాసుకు రావడం ఎవరికీ మంచిది కాదు.

ప్రచారం గురించి చెప్పడానికి నాకు ఎక్కువ లేదు. చిన్న వీడియోలు పెడతాను, ఒక్కోదాంట్లో ఒక్క విషయమే. ముందు ఇలా, తర్వాత ఇలా అని క్లయింట్ల ఒళ్లు పక్కపక్కన చూపించే ఫొటోలు పెట్టను. నడుమునొప్పితో వచ్చే మనిషికి అవి భయం కలిగిస్తాయని నా నమ్మకం. మొదటి క్లాసు ఉచితంగా ఇవ్వను కూడా. మొదటి గంటలోనే నా పని ఎక్కువ.

ఒక్కొక్కరికే నేర్పుతూ పోతే వ్యాపారం మన గంటల దగ్గర ఆగిపోతుంది. ఆ గంటలకూ హద్దుంది. రోజులో ఐదో క్లాసు దాటాక నా చూపు మందగిస్తుంది. కనబడాల్సిన మడమ కనబడదు. గొంతు కూడా అలసిపోతుంది. గంటలు పెంచకుండా ఆదాయం పెరగాలంటే ఇద్దరికి కలిపి నేర్పే డ్యూయెట్, తర్వాత చిన్న గ్రూపు. డ్యూయెట్‌లో స్నేహితులని జత కట్టను, కదిలే వేగం కలిసేవాళ్లని కడతాను. ముందుకు వంగకూడనివారినీ, వెనక్కి వంగకూడనివారినీ కలిపితే గంటంతా ఒకరు ఖాళీగా కూర్చోవాలి.

రిఫార్మర్ గ్రూపులో ఐదుగురిని మించనివ్వను. ఐదుగురి క్యారేజీలు, ఐదుగురి స్ప్రింగులు, ఒకరు దిగుతుంటే ఇంకొకరు ఎక్కడం, ఒక జత కళ్లకు అంతకు మించి అందదు. గ్రూపులో చేరేముందు విడిగా కొన్ని క్లాసులు చేయాలన్నది నియమం. స్ప్రింగు మార్చడం, క్యారేజీ ఆపాక దిగడం, స్ట్రాప్‌లోకి కాలు పెట్టడం తెలియని మనిషిని గ్రూపులో చేర్చను. ఈ నియమం వల్ల కొందరు వెళ్లిపోయారు. ఉన్నవాళ్లు మాత్రం ఏళ్ల తరబడి ఉన్నారు, అద్దె కట్టేది వాళ్లతోనే.

మరో టీచర్‌ను తీసుకోవడం అన్నిటికన్నా సున్నితమైన పని. క్లయింట్లు నా కోసం వస్తున్నారు, "నేను మీ దగ్గరే చేస్తాను" అంటారు. అందుకని ఒక్కసారిగా అప్పగించలేదు. మొదట ఆ అమ్మాయి నా క్లాసులు గమనించింది. తర్వాత కొన్ని క్లాసులు ఇద్దరం కలిసి నేర్పాం. ఆ తర్వాత ఆమె నేర్పుతుంటే నేను గదిలో ఉన్నాను. ఆపై గదిలోంచి వచ్చేశాను. ప్రతి క్లయింట్‌కూ నోట్సు ఉంది: ఏం చేశాం, ఏ మాట పనిచేసింది, ఏది వద్దు. ఆ నోట్సు లేకపోతే ఈ బదిలీ కుదిరేది కాదు. ఒక క్లయింట్ నెల తిరక్కుండానే, "ఆ అమ్మాయి నా కుడి తుంటి సంగతి మీకంటే బాగా పట్టింది" అన్నారు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఆమెకు గంటల లెక్కన ఇస్తాను, నిండినా నిండకపోయినా కొన్ని గంటలకు హామీ ఉంది. మానేసి వెళితే దగ్గర్లో నేర్పకూడదన్న షరతు పెట్టలేదు. బాగా నేర్పేవాళ్లను కాగితంతో కట్టి ఉంచడం నాకు ఇష్టం లేదు. క్లయింట్ల ఫోను నంబర్లు, ఆరోగ్య వివరాలు మాత్రం స్టూడియో దాటి వెళ్లకూడదు.

రెండో చోట కూడా తెరవమని చాలామంది అడుగుతున్నారు. వెయిటింగు పేర్లు కూడా ఉన్నాయి. ప్రస్తుతానికి వద్దనుకున్నాను. అక్కడ పొద్దుటి నుంచి ఉండి నేర్పడానికి పూర్తి కోర్సు చేసిన టీచర్లు ఇద్దరు కావాలి. ఈ అమ్మాయికి చెయిర్, బ్యారెల్స్ భాగాలు, పరీక్ష మిగిలాయి. వాటి ఫీజులో సగం స్టూడియో తరఫున కడుతున్నాను. గురువారం మధ్యాహ్నాలు క్లాసులు పెట్టకుండా తన సాధనకు వదిలేశాం. మరో ట్రైనీ ఇప్పుడిప్పుడే గమనించే గంటలు మొదలుపెట్టింది. వాళ్లిద్దరూ సిద్ధమయ్యాక స్థలం వెతుకుతాను.